కోసిన పూవుకూ ప్రాణముంటుంది: బెంగళూరు పుష్పాలంకరణ కళ, మన పల్లెల పూలు

మడకశిర, హిందూపురం, కుప్పం, పలమనేరు ప్రాంతాల పల్లెల నుండి చీకటితోనే బయలుదేరే పూలగంపలు తెల్లవారేసరికి బెంగళూరు కృష్ణరాజేంద్ర మార్కెట్టుకు చేరుకుంటాయి. సరిహద్దుకు ఆవలనున్న కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల తెలుగు కుటుంబాల పూలు కూడ అదే దారిన నడుస్తాయి. తూకం ముగిసి, ధర కుదిరి, రొక్కం చేతికి వచ్చిన తరువాత ఆ పూవు ఏమవుతుందో పండించిన వారికి సాధారణంగా తెలియదు. కొన్ని దేవుని మెడలోకి, కొన్ని స్త్రీల జడలలోకి పోతాయి. మరికొన్ని పుష్పాలంకరణ చేసేవారి బల్లపైకి చేరుతాయి. నగరంలో ‘ఫ్లోరల్ డిజైనర్’ అని పిలిచే ఈ అలంకర్త అదే పూవును తీసుకొని, కత్తిరించి, నీటిలో నిలిపి, ఆకుతోను కొమ్మతోను జతచేసి ఒక రూపం కల్పిస్తాడు. గంపలో కిలోల లెక్కన అమ్ముడైన సరుకు అక్కడ కాడల లెక్కన విలువ కడుతుంది.

ఈ విలువ ఎక్కడ పుడుతుంది? అలంకర్త చేతినేర్పు అందులో సగం. మిగిలిన సగం పూవును ఎప్పుడు కోశారు, ఎలా కోశారు, ఎలా పంపారు అన్న విషయాలపై ఆధారపడి ఉంటుంది. ఆ రెండవ సగం పల్లెలోనే, తోటగట్టుపైనే నిర్ణయమవుతుంది. కావున ఈ కళను గురించి తెలుసుకొనడం పూలు పండించే ఇంటివారికి వినోదమాత్రం కాదు, జీవనోపాధికి సంబంధించిన విషయం.

అలంకర్త వేసుకొనే మొదటి ప్రశ్న

పూలు పేర్చడమంటే రంగులు కలపడమని చాలామంది భావిస్తారు. అనుభవమున్న అలంకర్త మొదట ఆలోచించేది రంగును గురించి కాదు, కాలాన్ని గురించి. ఈ అలంకరణ ఎంతసేపు నిలవాలి? పెళ్ళి మండపమైతే ఒక రాత్రి చాలు. పెద్ద హోటలు ముంగిట ఉంచే కుండీ అయితే నాలుగైదు రోజులు నిలవాలి. పుష్పప్రదర్శన అయితే ఇంకా ఎక్కువ. ఆ కాలాన్ని బట్టి పూల ఎంపిక జరుగుతుంది. బంతి, చేమంతి నీరు లేకపోయినా ఒక రోజు ఓర్చుకుంటాయి. అందుకే తోరణాలకు, పందిళ్ళకు అవే ఆధారం. గులాబి, జర్బెరా, కార్నేషన్ వంటివి కాడ నీటిలో ఉంటేనే నిలుస్తాయి.

రెండవ ప్రశ్న ఆకారానికి సంబంధించినది. అలంకర్తలు పూలను స్థూలంగా మూడు తరగతులుగా చూస్తారు. గ్లాడియోలస్, నేలసంపెంగ కంకుల వంటి నిటారైనవి అలంకరణకు గీతను, ఎత్తును ఇస్తాయి. గులాబి, పెద్ద చేమంతి, జర్బెరా వంటి గుండ్రనివి చూపును ఒకచోట నిలుపుతాయి. జిప్సోఫిలా, చిన్న ఆస్టర్ వంటివి ఖాళీలను నింపి, వాటి మధ్య సఖ్యత కలిగిస్తాయి. వీటికి తోడుగా ఆకులు ఉండాలి. ఆకుపచ్చదనం లేని పూలగుత్తి ఎంత ఖరీదైనదైనా కంటికి విశ్రాంతి ఇవ్వదు. కొబ్బరాకు, అరటాకు, మామిడాకు, అశోక కొమ్మ, వెదురు రెమ్మ మన పల్లెలలో అడుగడుగునా దొరికేవే. నగరంలో వాటికీ ధర ఉంది.

లాల్‌బాగ్ గాజుఇంటిలో పూల కట్టడాలు

ఈ కళ సామాన్య ప్రజలకు పెద్ద ఎత్తున కనిపించే చోటు బెంగళూరు లాల్‌బాగ్. 1760లో హైదర్ అలీ ప్రారంభించిన ఈ తోట నేడు 240 ఎకరాలలో విస్తరించి ఉంది. తోట పర్యవేక్షకుడుగా జాన్ కామెరాన్ పనిచేసిన కాలంలో, 1889 నవంబరు 30న, బ్రిటిష్ యువరాజు ఆల్బర్ట్ విక్టర్ చేతులమీదుగా ఇక్కడి గాజుఇంటికి శంకుస్థాపన జరిగింది. లండనులోని క్రిస్టల్ ప్యాలెస్ దీనికి స్ఫూర్తి. తరువాతి కాలంలో జర్మనీకి చెందిన ఉద్యానశాస్త్రవేత్త క్రుంబీగల్, ఆయన అనంతరం జవరాయ, మరిగౌడ వంటివారు ఈ తోటను, మైసూరు రాష్ట్ర ఉద్యానశాఖను తీర్చిదిద్దారు. 1912లో ఏర్పడిన మైసూరు ఉద్యాన కళా సంఘం, ఉద్యానశాఖ కలిసి యేటా రెండుసార్లు, గణతంత్ర దినోత్సవానికి, స్వాతంత్ర్య దినోత్సవానికి, గాజుఇంటిలో పుష్పప్రదర్శన నిర్వహిస్తూ వస్తున్నాయి. కరోనా కారణంగా ఆగిపోయిన ప్రదర్శనలు 2022 ఆగస్టులో తిరిగి మొదలయ్యాయి. 2025 జనవరిలో జరిగినది 217వ ప్రదర్శన.

ప్రతి ప్రదర్శనకు ఒక ఇతివృత్తం ఉంటుంది. 2022 ఆగస్టులో కన్నడ నటులు రాజ్‌కుమార్, పునీత్ రాజ్‌కుమార్, 2023 ఆగస్టులో కెంగల్ హనుమంతయ్య, ఆయన కట్టించిన విధానసౌధ, 2024 జనవరిలో బసవణ్ణ, వచన సాహిత్యం, ఆ ఆగస్టులో డాక్టర్ అంబేద్కర్, 2025 జనవరిలో వాల్మీకి మహర్షి ఇతివృత్తాలు. గాజుఇంటి నడుమ లక్షలాది పూలతో ఒక కట్టడం వెలుస్తుంది. 2023లో విధానసౌధను, 2024లో శరణులు సమావేశమైన అనుభవ మండపాన్ని పూలతో నిలబెట్టారు.

ఇంత పెద్ద కట్టడం పూలతో ఎలా నిలుస్తుంది? లోపల ఇనుముతోనో, కొయ్యతోనో చేసిన అస్థిపంజరం ఉంటుంది. దానిపై నీటిని పీల్చి పట్టుకొనే పదార్థాన్ని పరచి, కాడను కొద్దిగా ఉంచి కత్తిరించిన గులాబీలను, చేమంతులను ఒకదాని ప్రక్కన ఒకటి గుచ్చుతారు. గోడకు ఒక రంగు, స్తంభానికి ఒక రంగు, కిటికీ అంచుకు మరొక రంగు. దూరం నుండి చూసేవారికి రాతి చెక్కడంవలె కనిపించేది దగ్గరకు వెళ్ళేసరికి పూరేకులుగా మారుతుంది. ప్రదర్శన పది పన్నెండు రోజులు సాగుతుంది. అన్ని రోజులు ఏ గులాబీ అక్కడ నిలవలేదు. అందువలన మధ్యలో ఒకసారి పాత పూలను తీసివేసి కొత్తవి గుచ్చుతారు. చూడవచ్చినవారికి కట్టడం ఒక్కటే. పూలు మాత్రం రెండు పంటలవి.

కరగలో మల్లెపూల నేర్పు

లాల్‌బాగ్ కళ పాశ్చాత్య సంప్రదాయం నుండి ఎదిగినది. బెంగళూరుకు దానికంటె పాతదైన సొంత పుష్పకళ ఒకటి ఉంది. అదే చైత్ర పౌర్ణమి రాత్రి జరిగే కరగ ఉత్సవం. తిగళర పేటలోని ధర్మరాయస్వామి ఆలయం నుండి ద్రౌపదీదేవి శక్తికి ప్రతీకగా కరగ బయలుదేరుతుంది. తోటపనికి పేరుపొందిన తిగళ సమాజం వారు దీనిని నిర్వహిస్తారు. స్త్రీవేషం ధరించిన పూజారి, మల్లెపూలతో గోపురంవలె అలంకరించిన కరగను శిరస్సుపై మోస్తూ, కత్తులు చేతబట్టిన వీరకుమారులు వెంటరాగా, పాత పేట వీధులన్నీ తిరిగి వస్తాడు. దారిలో మస్తాన్ సాహెబ్ దర్గా వద్ద ఆగడం ఆనవాయితీ. కోలారు, మాలూరు, హొసకోటె ప్రాంతాలలోను కరగ ఉత్సవాలున్నందున సరిహద్దు పల్లెలకు ఇది కొత్త విషయం కాదు.

అలంకరణ దృష్టితో చూస్తే కరగలో రెండు సూక్ష్మాలు కనిపిస్తాయి. మొదటిది సమతూకం. చేతితో పట్టుకొనకుండా తలపై నిలవవలసిన దానికి పూలబరువు అన్ని వైపులా సమానంగా ఉండాలి. బరువైన పూవు పనికిరాదు. మల్లెమొగ్గ తేలికైనది, దండగా కట్టడానికి లొంగేది. రెండవది కాలం. మల్లె ఉదయం మొగ్గగా ఉన్నప్పుడే కోయబడుతుంది, సాయంత్రానికి విచ్చుకుంటుంది, రాత్రి పరిమళిస్తుంది. ఉత్సవం సాగే వేళకు పూవు తన నిండుదనానికి చేరుకుంటుంది. శాస్త్రగ్రంథాలు చదవకుండానే పూర్వులు పూవు గడియారాన్ని, ఉత్సవ గడియారాన్ని కలిపి ఉంచారు.

మన తెలుగునాట పూలజడ, పెళ్ళిపందిరి, గొబ్బెమ్మపై గుమ్మడిపూవు, తెలంగాణలో తంగేడు, గునుగు పూలతో పేర్చే బతుకమ్మ, తిరుమల శ్రీవారికి కార్తీక మాసంలో జరిగే పుష్పయాగం ఈ కోవలోనివే. బతుకమ్మను పేర్చే స్త్రీ అడుగున వెడల్పుగా మొదలుపెట్టి, వలయాలు చిన్నవి చేసుకుంటూ, రంగు మార్చుతూ శిఖరానికి చేరుస్తుంది. నగరంలో రుసుము చెల్లించి నేర్చుకొనే పాఠంలో ఉన్నదీ ఇదే.

జపాను వారి ‘ఇకెబానా’

లాల్‌బాగ్ ప్రదర్శనల సందర్భంగా జరిగే పోటీలలో భారతీయ పుష్పకళతో పాటు ‘ఇకెబానా’ అనే జపాను పద్ధతికి కూడ స్థానముంటుంది. బౌద్ధాలయాలలో పూలు సమర్పించే ఆచారం నుండి ఇది పుట్టింది. క్యోటో నగరంలోని రొక్కకుదో ఆలయంతో ముడిపడిన ఇకెనోబో శాఖ వీటిలో ప్రాచీనమైనది. 1927లో సోఫు తెషిగహర స్థాపించిన సొగెత్సు శాఖ ఆధునికమైనది.

మన మాలలో వందల పూలుంటాయి. ఇకెబానాలో మూడు నాలుగు కాడలు చాలు. ఆకాశం, మానవుడు, భూమి అన్న భావనతో మూడు ముఖ్య కొమ్మలను మూడు ఎత్తులలో, మూడు కోణాలలో నిలుపుతారు. వాటి మధ్యనున్న ఖాళీకి పూవుతో సమానమైన విలువ ఉంటుంది. వంకర కొమ్మ, నాచు పట్టిన పుల్ల, సగం ఎండిన ఆకు సైతం అలంకరణలో భాగమే. కాడను నిలబెట్టడానికి సీసపు దిమ్మెపై ఇత్తడి సూదులు నిలిపిన చిన్న పీటను పళ్ళెం అడుగున ఉంచి, దానిపై నీరు పోస్తారు. దానిని కడిగి ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. మన చేనుగట్టుపై పొయ్యిలోకి పోయే రేగుకొమ్మకు, చింతపుల్లకు ఈ పద్ధతిలో గౌరవస్థానం లభిస్తుంది.

కోసిన తరువాత పూవులో ఏం జరుగుతుంది?

మొక్కనుండి వేరైన క్షణంలో పూవు చనిపోదు. అది శ్వాసిస్తూనే ఉంటుంది, రేకులనుండి, ఆకులనుండి నీటిని ఆవిరిగా వదలుతూనే ఉంటుంది. కాని వేరు లేదు, ఆహారం పంపే ఆకులు లేవు. దాచుకున్న చక్కెరతోను, కాడ పీల్చే నీటితోను మిగిలిన ఆయువును గడుపుతుంది. అలంకర్త విద్యలో పెద్దభాగం ఈ ఆయువును పొడిగించడమే. దానికి శత్రువులు నాలుగు.

మొదటిది వేడి. వేడిలో శ్వాసక్రియ పెరిగి చక్కెర త్వరగా కరిగిపోతుంది. ఎండలో కోసిన పూవు కోసినప్పుడే సగం అలసి ఉంటుంది. అందుకే తెల్లవారుజామున గాని, సాయంసమయంలో గాని కోయాలి, వెంటనే నీడకు చేర్చాలి. గులాబీలను 2 నుండి 4 డిగ్రీల చల్లదనంలో నిల్వచేస్తారు. అయితే ఆంథూరియం, ఆర్కిడ్ వంటి ఉష్ణదేశపు పూలు అంత చలికి నల్లబడతాయి. అన్ని పూలకు ఒకే మందు పనిచేయదు.

రెండవది కాడలో చేరే గాలి. కాడ లోపల నీటిని మోసే సన్నని గొట్టాలుంటాయి. కోయగానే అవి గాలిని పీలుస్తాయి. ఆ గాలిబుడగ తరువాత వచ్చే నీటికి అడ్డుపడుతుంది. కుండీలో నిండుగా నీరున్నా గులాబి మెడ వాల్చడానికి ఇది ఒక ముఖ్య కారణం. నీటిలో ముంచి ఉంచి, కాడ అడుగును ఒక అంగుళం మేర ఏటవాలుగా మళ్ళీ కత్తిరిస్తే ఆ అడ్డు తొలగుతుంది.

మూడవది సూక్ష్మజీవులు. నీటిలో మునిగిన ఆకు కుళ్ళి, సూక్ష్మజీవులు పెరిగి కాడ గొట్టాలను పూడ్చివేస్తాయి. నీటిమట్టానికి క్రింది ఆకులను గిల్లివేయాలి, నీటిని రోజూ మార్చాలి. నీటిలో చక్కెర వేస్తే పూవుకు ఆహారమవుతుందని కొందరు వేస్తారు. చక్కెర ఒక్కటే వేస్తే అది సూక్ష్మజీవులకే మేత. లీటరు నీటికి ఒక చెంచా చక్కెరతో పాటు రెండు చెంచాల నిమ్మరసం కలిపితే ఆ పులుపు సూక్ష్మజీవులను అదుపులో ఉంచి, నీరు కాడలోకి సులభంగా ఎక్కడానికి తోడ్పడుతుంది.

నాలుగవది కంటికి కనిపించని ఇథిలీన్ వాయువు. పండే అరటి, మామిడి వంటి పండ్ల నుండి ఇది వెలువడుతుంది. పండును మాగించే ఈ వాయువే పూవును ముసలిదాన్ని చేస్తుంది. కార్నేషన్ దీనికి త్వరగా ముడుచుకుపోతుంది, మరికొన్ని పూలు రేకులు రాల్చుతాయి. మాగిన పండ్లగంపల ప్రక్కన పూలగంప పెట్టి ఒకే బండిలో పంపడం వలన కలిగే నష్టం మార్కెట్టులో ధర పలికేటప్పుడు బయటపడుతుంది. కారణం మాత్రం దారిలోనే ఉంది.

ఏ పూవును ఏ దశలో కోయాలి?

విడిపూలుగా అమ్మే బంతి, చేమంతి పూర్తిగా విచ్చుకున్న తరువాత కోయాలి. మల్లెను మొగ్గగా, ఎండెక్కకముందే కోయాలి. ఇవి అందరికీ తెలిసినవే. కాడతో అమ్మే పూల సంగతి వేరు.

గులాబి: దూరం పోవలసినదైతే మొగ్గ బిగువుగా, రంగు స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు కోయాలి. దగ్గరి మార్కెట్టుకైతే ఒకటి రెండు రేకులు విడుతున్న దశ మంచిది. కాడ ఎంత పొడవుగా, నిటారుగా ఉంటే ధర అంత ఎక్కువ.

నేలసంపెంగ: కన్నడంలో సుగంధరాజ అని పిలిచే ఈ పూవు మాలలకు మొగ్గలుగా, కుండీలకు కంకులుగా అమ్ముడవుతుంది. కంకిగా అమ్మదలచినప్పుడు అడుగున రెండు మూడు పూలు విడిన దశలో కోయాలి.

గ్లాడియోలస్: అడుగు మొగ్గలలో రంగు కనిపించగానే కోయాలి. దీనిని పడుకోబెట్టి పంపకూడదు. కంకి కొన వెలుతురువైపు, పైవైపు తిరిగి వంగిపోతుంది. వంగిన కంకిని అలంకర్త కొనడు. బకెట్టులో నిలబెట్టి పంపాలి.

జర్బెరా: నడిమి చక్రంలోని వెలుపలి రెండు మూడు వరుసల చిరుపూలు విడిన తరువాత తీయాలి. దీనిని కత్తితో కోయరు. కాడను మొదట పట్టుకొని ప్రక్కకు వంచి లాగుతారు. మిగిలిన మోడు కుళ్ళి మొక్కను పాడుచేయకుండా ఇది కాపాడుతుంది.

రకాల ఎంపిక కూడ ముఖ్యమే. బెంగళూరు సమీపాన హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ మన నేలకు తగిన పూల రకాలను అనేకం విడుదల చేసింది. నేలసంపెంగలో ప్రజ్వల్, శృంగార్, సువాసిని, వైభవ్, చైనా ఆస్టర్‌లో కామిని, పూర్ణిమ, శశాంక్, బంతిలో అర్క అగ్ని, అర్క బంగార వీటిలో కొన్ని. విత్తనం కొనేముందు ఈ పూవు మాలకా, కుండీకా అని ప్రశ్నించుకొనడం అవసరం.

నురుగు ఇటుక, అరటిబోదె

అలంకరణ సామగ్రిలో నేడు చర్చకు వచ్చినది ఆకుపచ్చని నురుగు ఇటుక. నీటిలో ముంచితే పీల్చుకొని, గుచ్చిన కాడను కదలకుండ పట్టుకుంటుంది. 1954లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో వెర్నన్ స్మిదర్స్ దీనిని రూపొందించాడు. పని సులభమైంది గనుక ప్రపంచమంతటా వ్యాపించింది. అయితే ఇది ఒక జాతి ప్లాస్టిక్కు. మట్టిలో కలిసిపోదు, పొడిపొడిగా చిట్లి నీటిలోకి చేరుతుంది. ఆ రేణువులను చిన్న జలచరాలు మింగుతున్నట్లు ఆస్ట్రేలియా పరిశోధకులు గుర్తించారు. బ్రిటనులోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుండి తన ప్రదర్శనలలో దీనిని నిషేధించింది.

దీనికి ప్రత్యామ్నాయంగా విదేశీ అలంకర్తలు కోళ్ళగూళ్ళకు వాడే ఇనుపవలను ఉండగా చుట్టి కుండీలో ఉంచుతున్నారు, తడినాచును వాడుతున్నారు. మన పెళ్ళిపందిళ్ళలో పెద్దలు వాడిన అరటిబోదె వీటన్నింటికంటె సులభమైనది. అది నీటితో నిండి ఉంటుంది, కాడ గుచ్చితే పట్టుకుంటుంది, పని ముగిశాక ఎరువుగా మారుతుంది. గెల కోసిన తరువాత తోటలో పడవేసే బోదెకు నగర అలంకర్తలతో మాట్లాడుకుంటే గిరాకీ కల్పించుకోవచ్చు. తడిమట్టి ముద్ద, వెదురుగొట్టం, కొబ్బరిచిప్ప కూడ ఇటువంటి పనికి వచ్చేవే.

ఎండినా విలువ తగ్గని పూలు

తాజాపూవు ఒక రోజు సరుకు. పండుగ ముందురోజు ఆకాశాన్నంటే ధర పండుగ మరునాడు నేలకు జారుతుంది. 2020లో కరోనా నిర్బంధ కాలంలో ఆలయాలు, పెళ్ళిళ్ళు, మార్కెట్లు ఆగిపోయినప్పుడు కోతకు వచ్చిన తోటలను రైతులు దున్నివేసిన సంగతి మరువరానిది. నిల్వ ఉండే రూపం ఒకటి ఉంటే ఇటువంటి నష్టంలో కొంతైనా తగ్గుతుంది.

ఎండుపూల అలంకరణ అటువంటిది. చేలల్లో కలుపుగా పెరిగే గునుగు, పెరటిలోని సీతమ్మవారి జడగంటలు, బొగడబంతి ఎండినా రంగును చాలావరకు నిలుపుకుంటాయి. వీటిని చిన్న కట్టలుగా కట్టి, గాలి ఆడే చీకటిగదిలో తలక్రిందులుగా రెండు మూడు వారాలు వ్రేలాడదీస్తే చాలు. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది. గులాబి వంటి పూలను జల్లెడపట్టిన సన్నని పొడి ఇసుకలో, రేకుల సందులు నిండేట్లు మెల్లగా కప్పి, కొన్ని రోజులు కదలించకుండ ఉంచితే ఆకారం చెడకుండ ఎండుతుంది. ఒక వంతు గ్లిసరిన్‌కు రెండు వంతుల గోరువెచ్చని నీరు కలిపి ఆకుల కొమ్మలను అందులో రెండు వారాలు నిలిపితే ఆకులు పెళుసెక్కక మెత్తగా ఉంటాయి. తామరకాయలు, గడ్డికంకులు, ప్రత్తికాయ డొప్పలు, వెలగడొల్లలు వీటికి తోడు.

దేవునికి అర్పించిన పూలకూ మరొక జన్మ కల్పించే ప్రయత్నం తిరుమలలో జరిగింది. తిరుమల తిరుపతి దేవస్థానాలు 2021 సెప్టెంబరులో స్వామివారి సేవలో వినియోగించిన పూలతో అగరువత్తుల తయారీ ప్రారంభించాయి. ఎండుపూలతో దేవతామూర్తుల పటాలు మొదలైనవి రూపొందించడానికి అదే సంవత్సరం డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయంతో ఒప్పందం కుదుర్చుకున్నాయి.

ధర ఎవరి చేతిలో ఉంది?

కృష్ణరాజేంద్ర మార్కెట్టులో విడిపూలు తూకంతోను, కట్టిన పూలు మూరలతోను, బారలతోను అమ్ముడవుతాయి. కన్నడంలో మూరను మొళ అని, బారను మారు అని అంటారు. పంట ఎక్కువ వచ్చిన రోజు గంప వెనుకకు తీసుకుపోలేని రైతు, చెప్పిన ధరకు ఇచ్చి వస్తాడు. కాడపూల అమ్మకానికి హెబ్బాళలో నెలకొల్పిన వేలం కేంద్రంలో డచ్చి దేశపు పద్ధతిని ప్రవేశపెట్టారు. మన వేలంలో ధర క్రిందినుండి పైకి ఎక్కుతుంది. ఆ పద్ధతిలో పైనుండి క్రిందికి దిగుతుంది. దిగుతున్న ధరను ఎవరు మొదట ఆపితే సరుకు వారిది. ఆలస్యం చేస్తే చేజారుతుంది గనుక, నాణ్యమైన సరుకును కొనేవారు తొందరపడి ఆపుతారు. కాడ పొడవు, మొగ్గ దశ, ఆకుల శుభ్రత, కట్టలోని సమానత్వం అక్కడ ధరగా మారుతాయి.

అందరూ కాడపూలకు మారాలని దీని అర్థం కాదు. ప్లాస్టిక్ వలయిళ్ళు, చల్లని గదులు పెట్టుబడితో కూడినవి. చిన్న కమతమున్న కుటుంబం బంతి, చేమంతి, కనకాంబరం, మల్లెలతోనే సాగవచ్చు. వేళకు కోసి, నీడన ఉంచి, తడిగుడ్డ కప్పి, చిన్నా పెద్దా వేరుచేసి పంపడానికి ఖర్చు లేదు, శ్రద్ధ చాలు. ప్లాస్టిక్ పూలు పందిళ్ళను ఆక్రమిస్తున్న ఈ రోజులలో తాజాపూవుకు మిగిలిన బలం దాని తాజాదనమే. వాడి వచ్చిన సరుకు ఆ బలాన్ని కోల్పోతుంది, అలంకర్తను ప్లాస్టిక్కు వైపు నెట్టుతుంది.

పల్లె యువత చేతిలో మిగిలిన సగం

పూలు పండించే ఇంటి పిల్లలకు ఒక అనుకూలత ఉంది. నగరంలో ఈ కళ నేర్చేవారు పూవును దుకాణంలో మొదటిసారి చూస్తారు. పల్లె పిల్లలు మొగ్గ విడే వేళను, వాడే తీరును బాల్యం నుండి ఎరుగుదురు. దండ కట్టే అమ్మమ్మ వేళ్ళలో ఉన్న లాఘవం, పందిరి వేసే మామకు తెలిసిన కొలత ఇంట్లోనే లభించే విద్య. తెలుగు, కన్నడం రెండూ వచ్చిన సరిహద్దు యువతీయువకులకు బెంగళూరు మార్కెట్టులో బేరం, పని రెండూ సులువు.

వచ్చే జనవరిలోనో, ఆగస్టులోనో లాల్‌బాగ్ ప్రదర్శనకు వెళ్ళే కుటుంబాలు ఫోటోలు తీసుకొనడంతో ఆగక కొంతసేపు పరిశీలనగా చూడడం మంచిది. గాజుఇంటి కట్టడంలో ఏ పూలు వాడారు, ఏవి మూడవ రోజుకు వాడాయి, ఏవి నిలిచాయి, ఇకెబానా పళ్ళెంలో ఉన్న కొమ్మ ఏ చెట్టుది, పోటీలో బహుమతి పొందిన ఎండుపూల పటంలో మన చేలలోని గడ్డి ఏమైనా ఉన్నదా అని పిల్లలచేత వ్రాయించాలి. ఇంటికి వచ్చిన తరువాత ఆ పట్టికను ముందుపెట్టుకొని, వచ్చే పంటకు ఏ పూవు వేయాలన్నది ఇంటిల్లిపాదీ కూర్చొని మాట్లాడుకోవాలి.